గెట్టు దాటే పైపులైను

తాండూరుకు సరిహద్దులు కొత్త కాదు. 1956 దాకా ఈ తాలూకా గుల్బర్గా జిల్లాలోది. రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టం గుల్బర్గాను మైసూరుకు అప్పగిస్తూ తాండూరు, కొడంగల్ తాలూకాలను మాత్రం విడదీసి ఆంధ్రప్రదేశ్‌లో కలిపింది. 2014లో రాష్ట్రం మారింది, 2016లో వికారాబాద్ జిల్లా పుట్టింది. ఊరు ఉన్నచోటనే ఉంది, గీతలే దాని చుట్టూ తిరిగాయి. ఈ గీతలన్నిటికంటే పాతది రైలు పట్టా. 1874లో హైదరాబాదును వాడి జంక్షన్‌తో కలిపిన లైను వికారాబాద్, తాండూరు మీదుగానే పోయింది. నిజాం రాజ్యాన్ని బొంబాయి వైపు వెళ్లే బ్రిటిష్ రైళ్లతో ముడివేసిన పట్టా అది. ఎవరి అవసరం కోసం వేసినా ఆ రైలు తాండూరులో ఆగింది. బండలు ఎక్కించుకుంది, కందులు ఎక్కించుకుంది, మనుషుల్ని దించింది. పట్టాకు భూమినిచ్చిన ప్రాంతానికి కనీసం స్టేషనైనా దక్కింది. పైపులైను అలా ఆగదు. మీటరు లోతున నేలలోంచి వచ్చి, ఎవరి కంటా పడకుండా పక్క రాష్ట్రంలోకి పోతుంది. అది పోయిన చోట పైన మిగిలేది చేను గట్టున ఒక గుర్తు కంబం, దానిమీద ఒక ఫోన్ నంబరు, తవ్వకూడదన్న హెచ్చరిక.

సరిహద్దులు దాటే ఇంధన పైపులైను అనగానే మనకు రష్యా, ఉక్రెయిన్, అమెరికా, కెనడా గుర్తొస్తాయి. కానీ తెలుగు నేల మీద మొదలై నాలుగు రాష్ట్రాల సరిహద్దులు దాటే లైను మన దగ్గరే ఉంది. కృష్ణా గోదావరి బేసిన్‌లోని డీ6 గ్యాసును కాకినాడ తీరం నుంచి గుజరాత్‌లోని భరూచ్ వైపు మోసుకుపోయే ఈస్ట్ వెస్ట్ పైపులైను అది. పొడవు దాదాపు 1,400 కిలోమీటర్లు, గొట్టం వ్యాసం 48 అంగుళాలు. 2009లో గ్యాసు పారడం మొదలైంది. అప్పటికి ఒకే రాష్ట్రంగా ఉన్న ఆంధ్రప్రదేశ్, తర్వాత కర్ణాటక, మహారాష్ట్ర, గుజరాత్. ఇప్పుడు ఆ దారిలో తెలంగాణ కూడా ఒక రాష్ట్రం. ఇంత పొడవైన లైనుకు ప్రభుత్వం అనుమతి ఎలా ఇస్తుంది, ఎవరిని అడుగుతుంది, ఎవరిని అడగదు అన్నది ఢిల్లీ కార్యాలయాలకే పరిమితమైన ప్రశ్న కాదు. మన దేశంలో పైపులైను మీద ప్రభుత్వ సమీక్ష పైన గట్టిగానే ఉంది. కంపెనీకి అర్హత ఉందా, సుంకం ఎంత, గొట్టం ఉక్కు ఎంత మందం అని లెక్కగా చూస్తుంది. కిందికి దిగేకొద్దీ పలచబడుతుంది. రాష్ట్రం సరిహద్దు దగ్గర సన్నబడి, రైతు గెట్టు దగ్గరికి వచ్చేసరికి ఒక నోటీసు కాగితంగా మిగులుతుంది. పైపులైను అసలు దాటే సరిహద్దు ఆ గెట్టే. సమీక్ష అక్కడి దాకా దిగకపోతే అది సగం సమీక్షే.

ముందు ఎవరి అధికారం ఎంతో చూద్దాం. రాజ్యాంగంలో పెట్రోలియం, దాని ఉత్పత్తులు కేంద్ర జాబితా 53వ అంశం కిందికి వస్తాయి. రాష్ట్ర జాబితాలో 25వ అంశంగా గ్యాస్, గ్యాస్ వర్క్స్ అని ఉంది. ఆ మాటను పట్టుకుని గుజరాత్ 2001లో గ్యాసు సరఫరా మీద సొంత చట్టం చేసింది. వ్యవహారం రాష్ట్రపతి సలహా కోరడం ద్వారా సుప్రీంకోర్టుకు వెళ్లింది. సహజవాయువు ఏ రూపంలో ఉన్నా అది కేంద్రం పరిధిలోనిదేనని, గుజరాత్‌కు ఆ చట్టం చేసే అధికారం లేదని 2004 మార్చిలో ధర్మాసనం తేల్చింది. రెండేళ్లకు పార్లమెంటు పెట్రోలియం, సహజవాయువు నియంత్రణ మండలి చట్టం తెచ్చింది. లైను వేయడానికి ఎవరికి అధికారం ఇవ్వాలి, ఒకరి గొట్టంలో ఇంకొకరి గ్యాసు పారించడానికి ఎంత చోటివ్వాలి, రవాణా రుసుము ఎంత, భద్రతా ప్రమాణాలేమిటి అన్నవన్నీ ఆ మండలి చూస్తుంది. ఇదంతా అవసరమే. ఒక లైను అయిదు రాష్ట్రాలు దాటాలంటే అయిదు రకాల నిబంధనలు ఉండకూడదు కదా. అయితే ఈ ఏర్పాటులో లైను ఏ ఊరి ఏ సర్వే నంబరులోంచి పోతుందన్న విషయం మండలి ముందుకు పెద్దగా రాదు. దానికి వేరే చట్టం ఉంది. అది 1962 నాటిది.

పెట్రోలియం పైపులైన్ల కోసం భూమిలో వినియోగ హక్కు పొందే చట్టం అది. 1977లో ఖనిజాల లైన్లను కూడా అందులో చేర్చారు. దాని పనితీరు సూటిగా ఉంటుంది. కేంద్రం 3వ సెక్షన్ కింద గెజిట్‌లో ప్రకటన ఇస్తుంది. అందులో జిల్లా, మండలం, గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం గళ్లలో ఉంటాయి. విస్తీర్ణం హెక్టార్లు, ఆర్‌లు, చదరపు మీటర్లలో ఉంటుంది, ఎకరాలు గుంటల్లో కాదు. ఆర్ అంటే వంద చదరపు మీటర్లు, దాదాపు మన గుంటే అని తెలియని రైతు ఆ పట్టిక చూసి తన పొలంలో ఎంత పోతోందో పోల్చుకోలేడు. ప్రకటన వెలువడ్డాక అభ్యంతరం చెప్పడానికి 21 రోజుల గడువు. అభ్యంతరాలను సమర్థ అధికారి అని పిలిచే ఒక అధికారి విని కేంద్రానికి నివేదిస్తారు. తర్వాత 6వ సెక్షన్ ప్రకటన వస్తే ఆ నేలలో గొట్టం వేసుకునే హక్కు కేంద్రానికి గానీ, కంపెనీకి గానీ దఖలు పడుతుంది. భూమి యాజమాన్యం రైతుదే. పాసుపుస్తకంలో పేరు మారదు. పంట వేసుకోవచ్చు. కానీ 9వ సెక్షన్ ప్రకారం ప్రకటనకు ముందు ఆ నేలను దేనికి వాడేవారో దానికే వాడాలి. ఇల్లు కట్టకూడదు, బావి గానీ చెరువు గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. వీటన్నిటికీ పరిహారం రెండు భాగాలు. పనుల్లో పాడైన పంటకు, చెట్లకు నష్టపరిహారం ఒకటి. భూమి మార్కెట్ విలువలో 10 శాతం రెండోది. అది ఒకే ఒక్కసారి ఇస్తారు.

ఈ అంకె కాగితం మీద చిన్నదిగా కనిపిస్తుంది, పొలంలో పెట్టి చూస్తేనే అర్థమవుతుంది. తాండూరు వైపు ఒక రైతు చేను మీదుగా లైను పోయిందనుకుందాం. వంద మీటర్ల పొడవున, 20 మీటర్ల వెడల్పున పట్టీ తీసుకుంటే 2,000 చదరపు మీటర్లు. అంటే దాదాపు 20 గుంటలు, అర ఎకరం. ఎకరం విలువ 10 లక్షలని లెక్కకట్టారనుకుంటే అర ఎకరం 5 లక్షలు, అందులో 10 శాతం 50 వేలు. ఆ చేనులో కంది వేసే రైతుకు మరుసటి ఏడాది కూడా కంది పండుతుంది కాబట్టి నష్టం తక్కువే అనిపిస్తుంది. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది, ఆ నేల విలువ అందరికీ తెలుసు. కానీ ఈ ప్రాంతంలో భూమి విలువ పైన పండే పంటతోనే ఆగదు. మట్టి పొర కింద నాపరాయి ఉంది. తాండూరు బండలు దేశమంతా ఇళ్లలో, బడుల్లో, రైల్వే ప్లాట్‌ఫారాల మీద పరుచుకున్నాయి. సిమెంటు కర్మాగారాలు ఇక్కడ వెలిసిందీ ఆ సున్నపురాయి కోసమే. కింద బండ ఉన్న మెట్టచేను గలవాడు ఇవాళ కంది వేస్తూనే రేపు క్వారీకి లీజు దొరుకుతుందని ఆశపడతాడు. చట్టం మాత్రం ప్రకటన నాటి వాడకానికే ఆ నేలను కట్టేస్తుంది. గొట్టం పక్కన పేలుడు పెట్టనివ్వరు, తవ్వనివ్వరు, పెట్టనివ్వకూడదు కూడా. అంటే రైతు పోగొట్టుకునేది 20 గుంటల కంది కాదు, ఆ 20 గుంటల భవిష్యత్తు. చెరో పక్క మిగిలిన ముక్కల్లో కూడా క్వారీ సాగడం కష్టమవుతుంది. కోనసీమలో అదే రైతు కొబ్బరిచెట్లు పోగొట్టుకుంటాడు, చేవెళ్ల వైపు ఇంటి ప్లాటు పోగొట్టుకుంటాడు. చట్టం మాత్రం అందరికీ అదే పదోవంతు చేతిలో పెడుతుంది. 1962లో మెట్ట భూమికి సేద్యం తప్ప వేరే విలువ పెద్దగా లేని రోజుల్లో కట్టిన లెక్క అది.

రెండో లోపం పర్యావరణ సమీక్షలో ఉంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన ప్రకారం చమురు, గ్యాసు పైపులైన్లకు ముందస్తు అనుమతి కావలసింది అవి జాతీయ పార్కులు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, సున్నిత ప్రాంతాల మీదుగా పోయినప్పుడే. వ్యవసాయ భూముల మీదుగా పోతే అక్కర్లేదు. అనుమతి అక్కర్లేకపోతే దానితోపాటు వచ్చే ప్రజాభిప్రాయ సేకరణ కూడా ఉండదు. భూసేకరణ మీద 2013లో వచ్చిన చట్టంలో సామాజిక ప్రభావ అంచనా తప్పనిసరి. కానీ ఆ చట్టమే నాలుగో షెడ్యూలులో పక్కన పెట్టిన 13 చట్టాల్లో ఈ పైపులైన్ల చట్టం ఒకటి. వికారాబాద్ జిల్లా ప్రజలకు ప్రజాభిప్రాయ సేకరణ అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. 2024 నవంబరులో దుద్యాల మండలం లగచర్లలో పారిశ్రామిక భూసేకరణ కోసం వెళ్లిన అధికారుల మీద దాడి జరిగింది, అరెస్టులు, కేసులు నడిచాయి, కొన్నాళ్లకు ప్రభుత్వం ఫార్మా పరిశ్రమల కోసం ఇచ్చిన ఆ భూసేకరణ ప్రకటనను ఉపసంహరించుకుంది. అక్కడ జరిగిన హింసను ఎవరూ సమర్థించరు. అయినా దాన్నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది. ఊరివాళ్లను పిలిచి మాట్లాడాల్సిన దశ అంటూ చట్టంలో ఉన్నా, జనం నమ్మకపోతే పని ఆగిపోతుంది. పైపులైనుకు ఆ దశే లేదు. పొలంలో జెండా కర్రలు పాతి సర్వే చేస్తున్న రోజే చాలామందికి విషయం తెలుస్తుంది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. పైపులైను వేస్తే భూమి పోదు, గొట్టం పూడ్చాక పొలం మళ్లీ రైతుదే. ఫ్యాక్టరీకి, రోడ్డుకు తీసుకున్న భూమితో దీన్ని పోల్చడం తప్పు అంటారు. పైగా వంటగ్యాసు, డీజిలు ట్యాంకర్ లారీల మీద పోవడం కంటే గొట్టంలో పోవడం ఎంతో సురక్షితం, చౌక. హైవేల మీద ట్యాంకర్ బోల్తా పడి మంటలు లేచిన సంఘటనలు మనకు తెలుసు. గ్యాసు వస్తే సిమెంటు కొలుములు, ఇటుక బట్టీలు బొగ్గు తగ్గిస్తాయి, ఊపిరి తేలికవుతుంది. ఇందులో ప్రతి మాటా నిజం. అందుకే పైపులైన్లు వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ లారీ వచ్చి పోతుంది, గొట్టం ఉండిపోతుంది. లారీ దారి మార్చుకోవచ్చు, గొట్టం పాతిన దారిలో ఆ తరం, వచ్చే తరం కూడా బతకాలి. దేశానికి లాభమైన పని అని తేలాక, ఆ లాభంలో ఎవరి వాటా ఎంతన్నది ఇంకా మిగిలే ఉంటుంది. సెల్ టవర్ కోసం నాలుగు గజాలిచ్చిన ఇంటి యజమానికి నెలనెలా అద్దె వస్తోంది. దశాబ్దాల పాటు గ్యాసు మోసే పట్టీకి ఒక్కసారి పదోవంతు ఇచ్చి చేతులు దులుపుకోవడం ఏ లెక్కలోనిదో ఆలోచించాలి. 2016లో గుజరాత్ రైతుల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందనే చెప్పింది. అదే తీర్పులో, పరిహారం తేల్చే సమర్థ అధికారి జనానికి నమ్మకం కలిగించే వ్యక్తి కావాలని, న్యాయాధికారిగా పనిచేసిన అనుభవం గానీ న్యాయశాస్త్ర శిక్షణ గానీ ఉండాలని కూడా చెప్పింది. చెల్లే చట్టమైనా సరిదిద్దవలసినది ఉందని కోర్టుకే తోచింది.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఊరూరా అడుగుతూ పోతే ఏ లైనూ పూర్తి కాదు, ఒక రాష్ట్రం మొండికేస్తే మిగతా రాష్ట్రాల వంటింట్లో పొయ్యి వెలగదు అంటారు. తమిళనాడు ఉదాహరణ చూపిస్తారు. కొచ్చి నుంచి బెంగళూరు, మంగళూరు వైపు గెయిల్ తలపెట్టిన లైను తమిళనాడులో ఏడు జిల్లాలు దాటాలి. అందులో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణగిరి కూడా ఒకటి. పొలాల మీదుగా వద్దు, జాతీయ రహదారి పక్కన వేసుకోండని రాష్ట్ర ప్రభుత్వం 2013లో ఆదేశించింది. మద్రాసు హైకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా రాష్ట్రానికి అడ్డుకునే అధికారం లేదని చెప్పింది. కోర్టుల్లో గెలుపు పూర్తిగా కేంద్రానిదే. మరి లైను వెంటనే పూర్తయిందా? తీర్పు చేతికొచ్చినా పొలంలో యంత్రం దిగాలంటే రైతు ఒప్పుకోవాలి, పోలీసు నిలబడాలి. ఏళ్లు గడిచాయి. కేరళ వైపు కూడా ముక్కం ప్రాంతంలో 2017లో నిరసనలు జరిగాయి. అప్పుడు రాష్ట్ర ప్రభుత్వం పరిహారం పెంచింది, పది సెంట్లే ఉన్నవాళ్లకు ప్రత్యేకంగా సాయం ప్రకటించింది. ఆ తర్వాతే పని కదిలింది. కొచ్చి మంగళూరు లైను 2021 జనవరిలో ప్రారంభమైంది. ఈ రెంటినీ పక్కపక్కన పెడితే కనిపించేదొకటే. జనాన్ని అడిగినందువల్ల ఆలస్యం కాలేదు, ముందు అడగనందువల్ల అయింది. చివరికి ఎలాగూ మాట్లాడవలసిందే. మొదట మాట్లాడితే తక్కువ ఖర్చు.

అయితే మాట్లాడటం పేరుతో ప్రాజెక్టును రాజకీయాలకు వదిలెయ్యకూడదు. దీనికి కూడా ఉదాహరణ ఉంది, అది అమెరికాది. అక్కడ దేశ సరిహద్దు దాటే చమురు లైనుకు అధ్యక్షుడి అనుమతి కావాలి. కెనడాలోని అల్బెర్టా నుంచి నెబ్రాస్కా దాకా వేయాలనుకున్న కీస్టోన్ ఎక్స్‌ఎల్ లైనును ఒబామా 2015లో తిరస్కరించారు, ట్రంప్ 2017లో ఆమోదించారు, బైడెన్ 2021 జనవరిలో పదవి చేపట్టిన రోజే రద్దు చేశారు. అదే ఏడాది జూన్‌లో కంపెనీ లైనునే వదులుకుంది. ఎవరు గెలిస్తే వారి ఇష్టం అన్నట్టయింది. అది సమీక్ష కాదు, ఊగిసలాట. కెనడా అనుభవం వేరు. ట్రాన్స్ మౌంటెన్ విస్తరణకు ప్రభుత్వమే అనుమతి ఇచ్చింది, తర్వాత ఆ లైనును ప్రభుత్వమే కొనేసింది. అయినా ఆదిమ జాతుల వాళ్లతో సరిగా సంప్రదించలేదని 2018 ఆగస్టులో కోర్టు అనుమతిని కొట్టేసింది. మళ్లీ సంప్రదించారు, మళ్లీ అనుమతించారు, 2024 మేలో లైను పనిచేయడం మొదలుపెట్టింది. అక్కడ అనుమతి నిలిచిందా పడిందా అన్నది ఎవరు అధికారంలో ఉన్నారన్న దాన్నిబట్టి కాక, పద్ధతి పాటించారా లేదా అన్నదాన్నిబట్టి తేలింది. మనం నేర్చుకోవలసింది ఆ తేడానే.

మన దేశం బయటి సరిహద్దుల విషయంలో ఎలా నడుచుకుంటుందో కూడా చూడాలి. బీహార్‌లోని మోతీహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పెట్రోలియం లైను 2019 సెప్టెంబరులో ప్రారంభమైంది. బెంగాల్‌లోని సిలిగురి నుంచి బంగ్లాదేశ్‌లోని పార్బతీపూర్‌కు డీజిలు లైను 2023 మార్చిలో మొదలైంది. 131 కిలోమీటర్ల పైచిలుకు ఆ లైనులో మన వైపు ఉన్నది అయిదు కిలోమీటర్లే. ప్రభుత్వాలు కూర్చున్నాయి, ఒప్పందాలు రాసుకున్నాయి, ఖర్చు ఎవరిదో, నిర్వహణ ఎవరిదో ముందే తేల్చుకున్నాయి. తుర్క్‌మెనిస్థాన్ నుంచి ఆఫ్ఘనిస్థాన్, పాకిస్థాన్ మీదుగా మనకు రావలసిన తాపీ లైనుకు 2015 డిసెంబరులో శంకుస్థాపన జరిగినా ఇప్పటికీ గ్యాసు రాలేదు, దారిలో ఉన్నవాళ్లతో పొత్తు కుదరకపోతే గొట్టం కదలదు మరి. దేశాల మధ్య గీత దాటాలంటే అవతలివాడి మాట వినక తప్పదని మన ప్రభుత్వానికి బాగా తెలుసు. అదే ఓపిక ఇంటిలోపలి గీతల దగ్గర చూపించమనే కోరడం.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి ఇంకా మిగిలి ఉంది. సమీక్ష అనుమతి రోజుతో అయిపోయేది కాదు. కోనసీమలోని నగరం గ్రామం ఈ పాఠం ప్రాణాలిచ్చి చెప్పింది. రాష్ట్రం విడిపోయి నెలయినా కాలేదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున గెయిల్ గ్యాసు లైను పగిలింది. తాటిపాక నుంచి కొండపల్లి వైపు వెళ్లే 18 అంగుళాల గొట్టం అది. కమ్ముకున్న గ్యాసు అంటుకుని నిద్రలో ఉన్నవాళ్లను, పొయ్యి వెలిగించబోతున్నవాళ్లను కాల్చేసింది. 20 మందికి పైగా చనిపోయారు, ఇళ్లు, కొబ్బరితోటలు మాడిపోయాయి. విచారణలో తేలింది ఇది. పొడి గ్యాసు కోసం వేసిన గొట్టంలో నీరు, ద్రవాలు కలిసిన తడి గ్యాసు పారించారు. ఆ తడి గొట్టం అడుగున నిలిచి ఉక్కును లోపలి నుంచి తినేసింది. వాసన వస్తోందని ఊరివాళ్లు అంతకుముందే చెప్పుకున్నారు. అనుమతి పత్రాల్లో ఆ లైనుకు లోపం లేదు. అనుమతి తర్వాతి సంవత్సరాల్లోనే లోపం. గొట్టం లోపల పిగ్ అనే పరికరాన్ని పంపి శుభ్రం చేయడం, మందం తగ్గిందేమో కొలవడం అందుకే పెట్టారు. ఆ కొలతలు ఊరికి ఎవరూ చెప్పరు.

ఊరు పెరగడం కూడా ఇందులో భాగమే. గ్యాసు లైను భద్రతా ప్రమాణాల్లో ప్రతి ముక్కకూ ఒక తరగతి ఉంటుంది. దాదాపు 1,600 మీటర్ల పొడవున, అటూ ఇటూ 200 మీటర్ల మేర ఎన్ని ఇళ్లున్నాయో లెక్కపెడతారు. పది దాకా అయితే మొదటి తరగతి. 46 గానీ అంతకుమించి గానీ ఉంటే మూడో తరగతి. తరగతి పెరిగేకొద్దీ గొట్టం మందం పెరగాలి, లేదా పీడనం తగ్గించాలి. ప్రమాదంలో గ్యాసు ఆపే వాల్వులు దగ్గరదగ్గరగా ఉండాలి. మొదటి తరగతిలో 32 కిలోమీటర్లకు ఒకటి చాలు, మూడో తరగతిలో 16 కిలోమీటర్లకు ఒకటి కావాలి. వికారాబాద్ లాంటి పట్టణం హైదరాబాద్ వైపు పెరుగుతోంది, తాండూరు అన్ని వైపులా పరుచుకుంటోంది. ఇవాళ కంది చేను ఉన్నచోట పదేళ్లకు వెంచర్ రాళ్లు పాతుతారు. అప్పుడు లైను తరగతి మార్చారా లేదా అని అడగాల్సింది పంచాయతీ. ఆ లెక్క దాని చేతిలో ఉండదు. ఇల్లు కట్టేటప్పుడు లేఅవుటుకు అనుమతి ఇచ్చే అధికారికి, పైపులైను తరగతి చూసే ఇంజనీరుకు మధ్య మాట నడవదు. నిబంధనలు లేక కాదు, అవి ఊరికి చేరక ప్రమాదం పెరుగుతుంది.

అవసరం లెక్క కూడా ఒకసారి చూడాలి. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు మోయగల ఈస్ట్ వెస్ట్ లైనులోకి డీ6 గ్యాసు 2010లో 6 కోట్ల దాకా వచ్చింది. తర్వాత కొన్నేళ్లలోనే పదోవంతు దగ్గరికి పడిపోయింది. 2020 తర్వాత కొత్త బావులు తెరిచాక మళ్లీ పెరిగింది. మల్లవరం నుంచి భోపాల్, భీల్వాడా దాకా 2011లో అనుమతి పొందిన లైనులో మన ప్రాంతానికి దక్కింది రామగుండం ఎరువుల కర్మాగారం దాకా వేసిన ముక్క. లైన్లు వృథా అని చెప్పడానికి ఈ లెక్కలు ఇవ్వలేదు, రామగుండం యూరియాకు ఆ గ్యాసే ప్రాణం. గ్యాసు ఎంత వస్తుందన్న అంచనా తలకిందులైతే నష్టపోయేది కంపెనీ ఒక్కటే కాదనీ, ఆ దారిలో హక్కులు పోగొట్టుకున్న రైతు కూడాననీ చెప్పడానికే. కంపెనీ సుంకం మళ్లీ లెక్కకట్టమని మండలిని అడగగలదు. రైతు పదోవంతు మళ్లీ లెక్కకట్టమని ఎవరిని అడగాలి?

మరేం చేయాలి? రాష్ట్రాలకు వీటో ఇవ్వాలనడం తప్పు. 2004 తీర్పు ప్రకారం కూడా అది కుదరదు, మంచిది కూడా కాదు. మూడు చిన్న మార్పులు చాలు. మొదటిది, దారి ఖరారు కాకముందే, గెజిట్‌కు ముందే, ప్రతి గ్రామంలో గ్రామసభ పెట్టి పటం చూపించాలి. ఎకరాలు గుంటల్లో, తెలుగులో, తాండూరు లాంటి చోట కన్నడంలో కూడా. రెండోది, పరిహారాన్ని ఒక్కసారి ఇచ్చే పదోవంతుగా కాక, భూమికి ఉన్న వాడకాన్ని బట్టి లెక్కకట్టి, గొట్టం పనిచేసినంత కాలం ఏటా ఇచ్చే రుసుముగా మార్చాలి. మూడోది, లైను తరగతి, తనిఖీ తేదీ, దగ్గరి వాల్వు ఎంత దూరంలో ఉందన్న విషయం ఏటా పంచాయతీకి కాగితం మీద ఇవ్వాలి. ఈ వివరాలు బయటపెడితే భద్రతకు ముప్పు అంటారు. గుర్తు కంబాలు ఎలాగూ రోడ్డు పక్కనే ఉన్నాయి, లైను ఎక్కడుందో ఊరందరికీ తెలుసు. తెలియనిది అది క్షేమంగా ఉందా లేదా అన్నదే. విధ్వంసం తలపెట్టి లైనును దెబ్బతీసేవాడికి 2011 సవరణ పదేళ్లకు తగ్గని జైలు పెట్టింది. ఊరికి చెప్పాల్సినది చెప్పని కంపెనీకి ఏ శిక్ష పెట్టారో కూడా అదే చట్టంలో రాయాలి.

చట్టం మారేదాకా చదివేవారు చేయగలిగింది ఒకటుంది. చేను గట్టున సర్వే జెండా కనిపిస్తే, పంచాయతీ గోడ మీద గెజిట్ ప్రతి అంటిస్తే ఆ తేదీని రాసి పెట్టుకోండి. మీ సర్వే నంబరు, మీ పంట, మీ బోరు, నేల కింద బండ ఉందా, రేపు ఇల్లు కట్టాలని ఉందా అన్నీ కాగితం మీద పెట్టి సమర్థ అధికారికి ఇచ్చి రసీదు తీసుకోండి. గెట్టు దగ్గర చట్టం మీకిచ్చిన గడువు 21 రోజులు.